మూడు చుక్కలు పొడిచేలోగా

ఇంకా వెలుతురుంది. పడమటి కిటికీలోంచి వచ్చిన ఎండ గోడ మీద పైపైకి పాకి ఇప్పుడు గడియారం దగ్గర ఆగింది, అది పైకప్పు దాకా వెళ్ళి ఆరిపోవాలి, ఆ తర్వాత ఆకాశం నల్లబడాలి, ఆ తర్వాత మూడు చుక్కలు కంటికి ఆనాలి, అప్పుడు వీళ్ళ శనివారపు విశ్రాంతి, షబ్బాత్, ముగుస్తుంది, అప్పుడు నేను లేచి సుకుమార్ సారుని మూడోసారి అడగాలి, నన్ను మీలో కలుపుకుంటారా అని. రోహిణి కార్తెలో పొద్దు అంత తొందరగా పోతుందా, దానికేం పట్టింది, నా గుండె దడ దానికి వినబడుతుందా. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ వెనక్కి పంపారు, అది వీళ్ళ ఆచారమట, కొత్తవాడు వస్తానంటే ముందు మూడుసార్లు వద్దనాలట. మూడోసారి కూడా వద్దని నాలుగోసారి రమ్మంటారో, మూడోసారికే సరేనంటారో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగి తెలుసుకుందామంటే అదొక అడగడం కింద జమ కడతారేమోనని భయం. రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు బాగుచేసే పెంచలకృష్ణ, సంగం వెంకయ్య కొడుకు, యూదుడవుతాడట అని విన్నవాళ్ళు ముందు నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. జ్వరం లేదు. బాగానే ఉన్నాను. నిజం చెప్పాలంటే ఇంత బాగా నేనెప్పుడూ లేను.

రేకుల కప్పు, సున్నం గోడలు, వెనక సరుగుడు తోపు, తోపు దాటితే సముద్రం, దాని చప్పుడు ఈ గదిలోకి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. తోటపల్లి గూడూరు దాటి ఇంత దూరం వచ్చి ఇలాంటి చోట యూదుల సమాజమందిరం ఉంటుందని ఎవరనుకుంటారు. ఉన్నవి కాసిని కుటుంబాలు, తాతల కాలంలో చర్చికి వెళ్ళినవాళ్ళు, తర్వాత పాత నిబంధన దగ్గరే ఆగిపోయి, మేం ఎప్పుడో దారి తప్పి వచ్చిన ఇశ్రాయేలు బిడ్డలమని శనివారాన్ని గట్టిగా పట్టుకున్నవాళ్ళు, పాట తెలుగులో ఎత్తుకుని హీబ్రూలో దించుతారు. ఆడవాళ్ళ వైపు కట్టిన పాత చీర తెరని ఈ ఎండలకి పక్కకి తీసి మేకుకి చుట్టేశారు. సరిగ్గా ఫ్యాను కింద కుర్చీలో రెబెక్కమ్మవ్వ కూర్చుంది, సుకుమార్ సారు వాళ్ళమ్మ, ఈ గదిలో అందరికీ అవ్వే. సారు రిటైరైన తెలుగు పంతులు, పుస్తకం మీద వంగి పెదవులు కదుపుతున్నారు, ఆయన కోడలు అబిగయీలక్క గడప మీద కూర్చుని ఆకాశాన్ని చూస్తోంది. ఎవరి చేతిలోనూ పని లేదు. ఈ గదిలో నాకు అన్నిటికంటే ముందు నచ్చింది అదే, ఇంతమంది పెద్ద మనుషులు చేతులు ఒళ్ళో పెట్టుకుని సిగ్గు లేకుండా కూర్చోవడం.

నా బతుకులో అలాంటి రోజు లేదు. ఏరియేటర్ ఆగితే గుంటలో గాలి అందక రొయ్యలు తేలిపోతాయి, రైతు గుండె కూడా తేలిపోతుంది, అందుకని ఫోను గుండెల మీద పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి, పండగైనా పెళ్ళైనా ఆ ఫోను మోగితే లేచి పోవడమే. ఇక్కడికి మొదటిసారి వచ్చింది కూడా పని మీదే, పోయిన ఏడాది వానలకి ముందు, ఒక శుక్రవారం, ఇన్వర్టర్ బిగించడానికి. బిగించి చేతులు తుడుచుకుంటుంటే పొద్దు వాలుతోంది, అబిగయీలక్క రెండు దీపాలు వెలిగించి కళ్ళ మీద చేతులు కప్పుకుంది, ఎవరో నా తల మీద జేబురుమాలు కప్పారు, ఎవరో కూర్చోమన్నారు, కూర్చున్నానో లేదో ఫోను. "ఎవురికి ఒంట్లో బాగలేదబ్బయా, అట్టా మోగతా ఉండాది?" అంది అవ్వ. "రొయ్యలకవ్వా, గాలాడటంలా," అన్నాను. గదంతా నవ్వింది. "నీకు ఆడతా ఉండాదా?" అంది అవ్వ. పక్క గుంట మెకానిక్‌కి ఫోను చేసి పంపి, నాది కట్టేసి జేబులో పెట్టాను. అప్పుడు అవ్వ నా వైపు వంగి, "మా ఇంట్లో తింటావా అబ్బయా?" అంది. అందులో ఉన్నది అన్నం సంగతి ఒక్కటే కాదని నాకూ తెలుసు, అవ్వకీ తెలుసు, మా ఊళ్ళో మాలాంటి రైతుల ఇళ్ళకీ వీళ్ళలాంటివాళ్ళ పేటకీ మధ్య ఎంత దూరం ఉండేదో తెలిసినవాళ్ళమే ఇద్దరమూ. తింటానన్నాను. వంజరం చేప పులుసు, రెండు రొట్టెలు, కిస్‌మిస్ నానబెట్టి పిండిన తియ్యటి రసం. మళ్ళీ పెట్టించుకున్నాను.

ఆ పెట్టించుకున్నదానికి బదులు తీర్చాలి కదా, ఉత్త చేతులతో ఎలా పోతాను, మర్యాద తెలిసినవాణ్ణి. తర్వాతి శుక్రవారానికి గుంటలోకెల్లా పెద్ద రొయ్యలు ఏరించి, మా అమ్మ కామాక్షమ్మ చేత కరివేపాకు దట్టించి వేపుడు చేయించి, క్యారియర్ నిండా పట్టుకొచ్చి సమాజమందిరం నడిమధ్యలో మూత తీశాను. వాసన రేకుల దాకా లేచింది. అబిగయీలక్క కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది, ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏమైందో తెలియక నేను ఉప్పు ఎక్కువైందేమోనని ఒకటి నోట్లో వేసుకుని చూశాను. "రెక్కా పొలుసూ లేంది మేం తినం నాయనా," అని మెల్లగా చెప్పింది అవ్వ, "చిన్నప్పుడు తిన్నా గానీ. ఆ రుచి ఇంకా నాలిక మీదుండాది. ఏదీ, కొంచెం దగ్గరికి తే, వాసన చూస్తా." "అమ్మా!" అన్నారు సారు. "వాసన చూస్తే తప్పని యాడ రాసుందిరా?" అంతే, పుస్తకాలు తెరుచుకున్నాయి. వాసన తిండి కిందికి వస్తుందా రాదా, కావాలని చూసిన వాసన వేరా, గాలికి వచ్చిన వాసన వేరా, మా అమ్మ చేసిన రొయ్యల వేపుడు మీద పెద్దమనుషులు గొంతులు పెంచి వాదించుకుంటుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. చిన్నప్పటి నుంచి ఎక్కడ ఏది అడిగినా నోరు ముయ్యమన్నారు నన్ను. ఇక్కడ ప్రశ్న అడిగినావిడకి వయసు ఎనభై పైన, ఆమెని ఎవరూ నోరు ముయ్యమనడం లేదు, దేవుడికి కూడా ఆ వాదన ఇష్టమే అన్నట్టు ఉంది వరస. ఆ రాత్రి క్యారియర్ జాలర్ల ఇళ్ళకి పోయింది. మరి ఈ రొయ్యల మీదే బతికే నేను ఇక్కడికి రావచ్చా అని భయపడుతూ అడిగితే సారు గడ్డం గోక్కున్నారు. "తినబాక అన్నాడు గానీ మోటార్లు బాగుచెయ్యబాక అనలా," అన్నారు.

ఎండ గడియారం దాటింది. అబిగయీలక్క కాళ్ళు చాపుకుంది. ఇంకా ఏమీ పొడవలేదు, పొడిచినా నాకు ఇంకో చిక్కుంది, ఈరోజు నా పని నేను చెయ్యలేదు. ఆ పని సంగతి సారే చెప్పారు. షబ్బాత్ అనేది వీళ్ళకీ వీళ్ళ దేవుడికీ మధ్య మాటట, కలవకముందే బయటివాడు దాన్ని పూర్తిగా పాటించకూడదట, కాబట్టి నేను అందరితో పాటు కూర్చోవచ్చు, పాడవచ్చు, తినవచ్చు, కానీ ప్రతి శనివారం ఏదో ఒక చిన్న పని చేసి తీరాలి. అగ్గిపుల్ల గీశాను ఒకసారి, ఒకసారి కాగితం చింపాను, ఎక్కువసార్లు స్విచ్చి నొక్కాను. అది అందరికీ కలిసొచ్చింది కూడా, ఎందుకంటే ఆ రోజు కరెంటు వస్తువు వీళ్ళు ముట్టుకోరు, ముట్టుకోమని నన్ను నోటితో అడగనూ కూడదు. అవ్వ అడగదు. గోడతో మాట్లాడుతుంది. "ఏం ఉక్కరా దేవుడా," అంటుంది గోడతో, నేను లేచి ఫ్యాను వేస్తాను. "మాపటేళకి కళ్ళు ఆనటంలేదమ్మా," అంటుంది కిటికీతో, నేను లైటు వేస్తాను. సారు ఆ కాసేపూ పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నట్టు ముఖం పెడతారు. మొదట్లో నాకు ఎంత సరదాగా ఉండేదో. అవ్వా నేనూ కలిసి దొంగతనం చేస్తున్నట్టు ఉండేది.

ఈ మధ్య సరదా తగ్గింది. స్విచ్చి నొక్కిన ప్రతిసారీ వేలి దగ్గర ఏదో గుచ్చుకుంటోంది, ఇంతమంది చేతులు ఒళ్ళో ఉన్నాయి, నా చెయ్యి ఒక్కటే గోడ మీద ఉంది అని. అందుకే ఫ్యానూ లైటూ నిన్న పొద్దుండగానే వేసి పెట్టి, ఈరోజు పొద్దున్నుంచి ఆ పని వాయిదా వేస్తున్నాను, కాస్సేపాగి, కాస్సేపాగి అనుకుంటూ, జ్వరం సాకుతో బడి ఎగ్గొట్టేవాడిలా. ఫోను కూడా నా దగ్గర లేదు. శుక్రవారం పొద్దు వాలకముందే దాన్ని నాగుల్ మీరాకి ఇచ్చి ఇక్కడికి వస్తాను, పక్క గుంటల మెకానిక్ అన్నానే, అతనే. శుక్రవారం మధ్యాహ్నం అతను మసీదుకి పోతే అతని గుంటలు నేను చూస్తాను, శనివారం నావి అతను చూస్తాడు. "నీ దేవుడు రోజంతా ఇచ్చినాడు, నాకు ఒక పూటే," అని దెప్పుతాడు, అయినా ఒక్క శనివారం కాదనలేదు. మనుషులు ఇంత మంచివాళ్ళని నాకు ఇంతకు ముందు గమనించే తీరిక లేదు.

మొదటిసారి అడిగినప్పుడు సారు సముద్రం వైపు తిరిగి అన్నారు, "ఎందుకబ్బయా నీకీ తంటా? మా తాతల్ని ఊరి బయట పెట్టినారు. చర్చి వదిలితే వాళ్ళకీ కానివాళ్ళమైపోయినాం. మీరు యూదులేంది, మీ ముఖాలేంది అని చదువుకున్నోళ్ళు కూడా నవ్వినారు. నీకు పొలముంది, పేరుంది, ఊళ్ళో కుర్చీ వేస్తారు. అవన్నీ వదులుకోని మా పక్కన నిలబడతావా? నీ దేవుడి కాడ నువ్వు మంచోడివిగా ఉండు, చాలు." ఆ మాటల్లో కోపం లేదు. తలవంచుకుని బండి దగ్గరికి పోతుంటే వెనక నుంచి అవ్వ కేక, "వద్దన్నాం గానీ అన్నం తినొద్దన్లేదు గదా, యాడికి పోతా ఉండావు?" వద్దని చెప్పి అంత ప్రేమగా వడ్డించేవాళ్ళని నేనెక్కడా చూడలేదు.

తర్వాత నాయన పోయాడు. చలికాలం, నాట్లు అయిపోయి పైరు పచ్చబడే వేళ. మా ఊరు సంగంలో, ఇంటి నిండా జనం, ఏ డాక్టరుకి చూపించారు, అక్కడ కాక ఇక్కడ చూపించాల్సింది, పొలం ఎవరు చూస్తారు, ఒకటే మాటలు, నా తల గానుగలో పెట్టి తిప్పినట్టుంది. అప్పుడు వ్యాన్ దిగి వచ్చారు వీళ్ళు, అవ్వని ఇద్దరు పట్టుకుని దించారు. వచ్చి నా చుట్టూ నేల మీద కూర్చున్నారు. ఒక్కరు మాట్లాడలేదు. దుఃఖంలో ఉన్నవాడు ముందు నోరు విప్పేదాకా పరామర్శకి వచ్చినవాళ్ళు మాట్లాడకూడదట, నాకు అప్పటికి తెలియదు. మా చిన్నమ్మ నా చెవిలో "మూగోళ్ళా వీళ్ళు?" అంది. నేను ఏమీ అనలేదు, చాలాసేపు, ఆ మాటలన్నిటి మధ్య ఆ కొంచెం నేల మీద నిశ్శబ్దం నాకోసం చాప పరిచినట్టుంది, అప్పుడు ఏడ్చాను, అప్పటిదాకా ఏడవలేదు. నేను తేరుకున్నాక అబిగయీలక్క ఒక గిన్నె మా చిన్నమ్మ చేతికి ఇచ్చింది. చిన్నమ్మ మూత తీసి కెవ్వుమంది. ఉడకబెట్టిన కోడిగుడ్లు. చావింట్లో వాళ్ళు గుడ్లు పెడతారు, గుండ్రంగా ఉంటాయని, బతుకు తిరిగి తిరిగి వస్తుందని. మా ఇంట్లో పెద్దకర్మ అయ్యేదాకా నీసు గడప దాటదు.

సారు ముఖం పాలిపోయింది, అన్ని పుస్తకాలు చదివినాయనకి మా ఇంటి సంగతి ఏ పుస్తకంలోనూ కనబడలేదు పాపం. "మా పద్ధతి మాకు తెలుసు గానీ మీ పద్ధతేందో అడగాలన్న బుద్ధి లేకపోయె, ఏమనుకోబాక తల్లీ," అంది అవ్వ మా అమ్మతో. నాయన్ని సాగనంపినప్పటి నుంచి అమ్మ నోట మాట లేదు, గోడకి ఆనుకుని చూపు ఎటో పెట్టి కూర్చుంది. తల తిప్పి గిన్నె వైపు చూసింది, అవ్వ వైపు చూసింది. "మావోడు మీకు రొయ్యలు తెచ్చినాడంట గదా," అంది. "సరికి సరి." అని నవ్వింది. నవ్వుతూనే ఏడుపులోకి జారింది, అవ్వ జరిగి జరిగి వెళ్ళి ఆమెని పట్టుకుంది, ఇద్దరు ముసలివాళ్ళు ఒకరి మీద ఒకరు వాలి నవ్వుతూ ఏడుస్తూ ఉంటే మా చిన్నమ్మ ఆ గిన్నెని పశువుల పాకలో దాచింది. ఆ వారంలోనే నేను రెండోసారి అడిగాను. "ఏడుపులో ఉన్నోడి మాట మేం తీసుకోకూడదు," అన్నారు సారు, "పోయి మీ అమ్మ కాడ కూసో. ఆ తర్వాత కూడా అడగాలనిపిస్తే అడుగు."

అమ్మ దగ్గర కూర్చున్నాను. ఎండాకాలం వచ్చింది. అడగాలనే అనిపిస్తోంది, ఏడుపు లేదు ఇప్పుడు, పొద్దున లేస్తూనే సంతోషంగా ఉంటుంది, శనివారం వస్తోందని పిల్లాడిలా లెక్కపెట్టుకుంటాను. అమ్మకి చెప్పినప్పుడు వడ్లు చెరుగుతోంది. "శనివారం మనమూ నీసు ముట్టం గదరా, వెంకటేశ్వర స్వామికి ఒక్కపొద్దుండేవోడివి, ఇంకేంది తేడా?" అంది. తేడా ఉందమ్మా అని చెప్పాను, ఒక్కడే దేవుడు, బొమ్మ లేదు, ఇంక మొక్కులకి రాలేను అని. చేట ఆగింది. "పెంచలకోనకి నన్ను తీసకపోవా మరి?" "తీసుకపోతానమ్మా. నువ్వు దర్శనానికి పో, నేను బయటుంటా." "బయటుండి చెప్పులు కాపలా కాస్తావా?" అంది. మళ్ళీ చేట కదిలింది, కాసేపటికి తల ఎత్తకుండానే, "ముందు వాళ్ళు ఒప్పుకున్నారా?" అని అడిగింది. ఒప్పుకోకపోతే వాళ్ళ సంగతి తను తేలుస్తానన్నట్టు ఉంది ఆ గొంతు.

ఒప్పుకున్నా ఈరోజే ఏమీ అయిపోదు, చదువుకోవాలి, బొంబాయి నుంచి పెద్దలు వచ్చి ప్రశ్నలు వెయ్యాలి, చివరికి నీళ్ళలో మునగాలి, ఇంత సముద్రం పక్కనే ఉంది కాబట్టి ఆ ఒక్కదానికి కొరత లేదు. అదంతా పడతాను. ఇక వద్దు అని మాత్రం అనకూడదు. అంటే ఏం చేస్తాను, మళ్ళీ ఆ ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకుంటానా, శనివారాలు ఏ ముఖంతో ఈ గడప ఎక్కుతాను, ఎక్కకుండా ఎలా ఉంటాను.

ఎండ ఆరిపోయింది. కిటికీ బూడిదరంగులోకి మారింది. "ఒకటి," అంది అబిగయీలక్క గడప మీద నుంచి. ఎవరో పాట మెల్లగా ఎత్తుకున్నారు, అందరూ అందుకోబోతుండగా టక్ అని శబ్దం, నాకు నిద్రలోనైనా తెలిసే శబ్దం, ఇన్వర్టర్ ట్రిప్ అయింది. లైటు పోయింది. ఫ్యాను నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఆగింది. గాలి చచ్చిపోయింది, సముద్రం వైపు నుంచి కూడా ఊపిరి లేదు, చెమట వీపు మీద పాములా దిగుతోంది. అవ్వ గోడతో మాట్లాడుతుందని చూశాను. మాట్లాడలేదు. నిద్రపోయిందేమోనని తొంగి చూశాను, కళ్ళు తెరుచుకునే ఉంది, నన్నే చూస్తోంది, పెదవులు బిగించుకుని. ఎవరూ ఉక్క అనలేదు. ఎవరూ చీకటి అనలేదు. అందరి ముఖాల మీదా చెమట, పాట ఆగిపోయింది.

నాకు కంగారు పుట్టింది. రెండో చుక్క, మూడో చుక్క ఎంతసేపు, పని చెయ్యకుండానే షబ్బాత్ దాటిపోతే, చెప్పిన ఒక్క నియమం నిలుపుకోలేనివాడివి నువ్వేం కలుస్తావయ్యా అంటారేమో. సగం లేచాను.

"యాడికబ్బయా?" చీకట్లోంచి సారు.

"స్విచ్చి దగ్గరికి సార్. ఈరోజు ఇంకా నేను ఏ పనీ చెయ్యలా."

"తెలుసు. పొద్దున్నుంచి చూస్తానే ఉండా."

"చెయ్యకపోతే తప్పు గదా సార్. మీరే చెప్పినారు."

"అవును. నేనే చెప్పినా." కన్నతల్లిని రొయ్యల వాసన చూడనివ్వాలా వద్దా అని పుస్తకం తెరిచిన మనిషి. పుస్తకం మూసిన చప్పుడు వినబడింది. "ఆ తప్పు నాది. పైవాడికి నేను చెప్పుకుంటా. నువ్వు లేవబాక. కూసో."

"మరి మూడోసారి అడగాలి గదా సార్," అన్నాను, నా గొంతు నాకే చిన్నపిల్లాడిదిలా వినబడింది.

"అడుగు. చుక్కలు పొడిచినాక అడుగు. వాకిట్లో నిలబడి అడగబాక అబ్బయా, ఈడ మా మధ్య కూసోని అడుగు."

కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కనున్న మనిషి భుజం నా భుజానికి తగిలింది, తడిగా, వేడిగా, అతను జరగలేదు, నేనూ జరగలేదు. ఆగిన పాట మళ్ళీ ఎవరో అందుకున్నారు, నాకు వచ్చిన మాటల దగ్గర పాడాను, రాని చోట నోరు కదిపాను. బయట నుంచి అబిగయీలక్క మూడోది కూడా పొడిచిందని కేక వేసింది. పాట ఇంకా మిగిలి ఉంది. ఎవరమూ లేవలేదు.